తేదీ ఉన్న డబ్బు

మా అమ్మాయి మొదటి జీతం అందుకున్న రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. 2024 ఆగస్టు. వాళ్లమ్మతో చాలాసేపు మాట్లాడి, చివర్లో ఫోన్ నాకిమ్మంది. "నాన్నా, నా చదువుకని నెలనెలా ఫండ్‌లో కట్టావు కదా, అది ఇప్పుడు ఎంతైంది? మార్కెట్ బాగా పెరిగిందని ఇక్కడందరూ అంటున్నారు. అది తీసి నా లోన్ ఒకేసారి కట్టేద్దామా?" అని అడిగింది.

ఆ ఫండ్ లేదు. నాలుగేళ్ల కిందటే ఖాళీ చేశాను. ఆ సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. "రేపు చూసి చెప్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర రాలేదు. తెల్లవారుజామున లేచి, పాత డైరీలూ బ్యాంకు పాస్‌పుస్తకాలూ ముందేసుకుని, ఏ ఏడాది ఏం చేశానో వరసగా రాయడం మొదలుపెట్టాను. ఇది ఆ రాతే, తర్వాత జరిగినవి కూడా కలిపాను.

నేను గుంటూరు వాణ్ణి. 25 ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. ద్రవ్యాన్ని మనుషులు చేతిలో ఎందుకు ఉంచుకుంటారన్న పాఠంలో కీన్స్ చెప్పిన మూడు కారణాలూ బోర్డు మీద రాయిస్తాను. రోజువారీ లావాదేవీల కోసం, ముందు జాగ్రత్త కోసం, అంచనా వ్యాపారం కోసం. ఇందులో ముందు జాగ్రత్త అన్నది పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఇంట్లో బియ్యం డబ్బాలో అమ్మ దాచిన డబ్బు వాళ్లకు తెలుసు. ఆ పాఠం చెప్పిన నా ఇంట్లో 2016 మార్చి తర్వాత ఏళ్ల తరబడి ముందు జాగ్రత్త కింద పదివేల రూపాయలు కూడా లేవు.

అంతకు ముందు ఏడాది విజయదశమి నాడు, 2015 అక్టోబర్ 22న, ఉద్దండరాయునిపాలెంలో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఊరూరి నుంచీ మట్టి, నీళ్లు తెచ్చి కలిపారు. ప్రధాని పార్లమెంటు ఆవరణలోని మట్టి, యమున నీళ్లు తెచ్చారు. రాష్ట్రం రెండుగా విడిపోయి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. మనకంటూ ఒక ఊరు కడుతున్నారన్న ఆనందంతో టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఆ ఆనందం తప్పు కాదు, ఇప్పటికీ తప్పనుకోను. ఆ ఆనందాన్నే పెట్టుబడికి ఆధారం చేసుకున్నాను. అదే తప్పు.

తాడికొండ వైపు ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు చూశాను. గజం 14 వేలు. ఔటర్ రింగ్ రోడ్డు ఇటు నుంచే పోతుందని బ్రోకర్ మ్యాపు పరిచి వేలు పెట్టి చూపించాడు. మొత్తం 28 లక్షలు. ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ పగలగొడితే 8 లక్షలొచ్చింది. మా ఆవిడ 22 సవర్ల బంగారం బ్యాంకులో కుదువపెడితే మూడున్నర లక్షలు. బ్యాంకులో పర్సనల్ లోన్ 8 లక్షలు. మిగిలిన ఎనిమిదిన్నర లక్షలు నరసరావుపేటలో బట్టల కొట్టు నడిపే మా బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నాను. అంటే 28లో 20 లక్షలు అప్పే.

బంగారం తీసి ఇచ్చేటప్పుడు మా ఆవిడ ఒక్క మాట అడిగింది. "ఏమండీ, పిల్ల కాలేజీకెళ్లే ఏడాది మనకి తెలుసు. రాజధాని ఏ ఏటికి పూర్తవుతుందో ఎవరికైనా తెలుసా?" రాష్ట్రం మొత్తానికీ తెలుసన్నాను. విసుక్కున్నాను కూడా. ఆ విసుగు ఆమె మీద కాదు, నా దగ్గర జవాబు లేనందుకని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత మూడేళ్లు నేను ప్రతి రాత్రీ టీవీ చర్చలు చూశాను. ఏ డిజైన్ ఖరారైంది, ఏ సంస్థకు ఎన్ని ఎకరాలు ఇచ్చారు, ఎవరు ఏమన్నారు, అన్నీ కంఠస్థం. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా అనుమానంగా మాట్లాడితే వాదించేవాణ్ణి. ప్లాటు కొన్నాక నాకు వార్త వినిపించే తీరే మారిపోయింది. నాకు నచ్చిన వార్త నిజంలా, నచ్చనిది కుట్రలా వినిపించేది. మనిషి డబ్బు ఎక్కడుంటే అతని నమ్మకం అక్కడికే నడుచుకుంటూ పోతుంది. నాకు రాజకీయం తెలుసనుకున్నాను. నాకు తెలిసింది నా కోరిక ఒక్కటే.

2018లో ఒకాయన గజం 19 వేలకు అడిగాడు. అమ్మితే అప్పులన్నీ తీరి, అసలుతో పాటు కొంత మిగిలేది. 30 వేలకు తక్కువైతే మాట్లాడొద్దని పంపేశాను.

2019 మేలో ప్రభుత్వం మారింది. డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. మర్నాటి నుంచే మందడం, వెలగపూడి, తుళ్లూరు దగ్గర రైతులు దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా తాతల నాటి పొలం రాజధానికి ఇచ్చారు. నేను ఇచ్చింది ఏమీ లేదు. ఆశకు పోయి కొన్నాను. వాళ్ల కష్టాన్నీ నా నష్టాన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఆ శిబిరంలో కూర్చున్న పెద్దావిడ ఒకరు మా ప్లాటు దగ్గర కనిపించి, "మీదెన్ని ఎకరాలు బాబూ" అని అడిగితే, జవాబు చెప్పడానికి నాకు సిగ్గేసింది.

అక్కడితో ఆగి ఉంటే నా కథ ప్లాటు కథగా ముగిసేది. కానీ నాకు ఇంకో పొదుపు ఉండేది. నేను చేస్తూ వచ్చిన ఒకే ఒక్క మంచి పని అది. అమ్మాయి చదువు కోసం 2013 జూన్ నుంచి నెలకు 5 వేలు నిఫ్టీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ కడుతున్నాను. ప్లాటు అప్పులు మెడకు చుట్టుకున్నా దాన్ని ఆపలేదు. 2020 జనవరి నాటికి కట్టింది 4 లక్షలు, విలువ 5 లక్షల 60 వేలు. అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో ఏడాది. అదే ఏడాది ఇంజనీరింగ్‌లో చేరాలి.

2020 మార్చి 23, సోమవారం. ఉదయం మార్కెట్ తెరిచిన కాసేపటికే 10 శాతం పడితే ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. మళ్లీ తెరిచాక ఇంకా పడింది. సాయంత్రానికి సెన్సెక్స్ 3,935 పాయింట్లు కోల్పోయి 26 వేల దిగువకు వచ్చింది. ఒక్క రోజులో 13 శాతం. జనవరిలో అదే సెన్సెక్స్ 42 వేలు తాకింది. కాలేజీలు మూసేశారు, బస్సులు ఆగిపోయాయి, వీధిలో కుక్కల అరుపు తప్ప చప్పుడు లేదు. ఫోన్‌లో చూస్తే మా అమ్మాయి చదువు డబ్బు మూడున్నర లక్షలకు దిగజారింది. రేపు ఇది కూడా మిగలదేమో అనిపించింది. ఆ రాత్రి పదకొండు గంటలకు అందరూ పడుకున్నాక మొత్తం తీసేయమని నొక్కాను. మర్నాడు యూనిట్లు తెగాయి. ఆ రోజు రాత్రే దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. సరైన సమయంలో బయటపడ్డానని ఆ రాత్రి నేను నా తెలివికి మురిసిపోయాను.

ధర తగ్గితే కొనుగోలు పెరుగుతుందన్న డిమాండ్ సూత్రాన్ని నేను ఏటా బోర్డు మీద గీత గీసి చెబుతాను. యూనిట్ 50 రూపాయలున్నప్పుడు నా 5 వేలకు 100 యూనిట్లు వచ్చేవనుకుంటే, అది 31కి పడ్డప్పుడు అదే 5 వేలకు 161 వచ్చేవి. సిప్ పనిచేసేదే అలా. పడ్డ నెలలే దానికి పంట నెలలు. ఆ నెలలోనే నేను చేను వదిలేసి పారిపోయాను. నవంబర్ నాటికి సెన్సెక్స్ జనవరి ఎత్తుకు తిరిగి వచ్చేసింది. 2024 ఆగస్టు 1న, అంటే మా అమ్మాయి ఆ ప్రశ్న అడిగిన నెలలోనే, నిఫ్టీ మొదటిసారి 25 వేలు దాటింది. 2020 జనవరిలో అది 12 వేల పైచిలుకు. కొత్తగా రూపాయి కట్టకపోయినా ఆ యూనిట్ల విలువ రెట్టింపయ్యేది.

అయితే కదలకుండా కూర్చుంటే సరిపోయేదని చెబితే అది అబద్ధమవుతుంది. డైరీలు ముందేసుకుని రాస్తూ రాస్తూ ఉంటే అసలు తప్పు అంతకు ముందే జరిగిందని తేలింది. ఏడాది లోపల ఫీజుకు కావాల్సిన డబ్బు 2020 మార్చిలో షేర్ల ఫండ్‌లో ఉండటమే తప్పు. 2018 నుంచే కొంచెం కొంచెంగా తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చి ఉండాల్సింది. ఆ పని గుర్తు చేయడానికి ఏ సంక్షోభమూ అక్కర్లేదు, మా అమ్మాయి పుట్టిన తేదీ చాలు. ఆ రెండేళ్లూ నేను టీవీలో రాజధాని చూస్తున్నాను.

లాభం ఎందుకొస్తుందన్న పాఠంలో ఫ్రాంక్ నైట్ పేరు వస్తుంది. లెక్కకట్టగల నష్టభయం వేరు, లెక్కకే అందని అనిశ్చితి వేరు అని 1921లో ఆయన రాశాడు. ఎన్ని ఇళ్లు కాలిపోతాయో లెక్కేసి బీమా కంపెనీ ప్రీమియం కట్టించుకోగలదు. వచ్చే ఎన్నికల తర్వాత ఒక ఊరి గతి ఏమవుతుందో ఎవరూ అలా లెక్కేయలేరు. పిల్లలకు దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చెప్పాను. నా జీవితంలో మాత్రం లెక్కకు అందేవి చాలానే ఉన్నాయి: అమ్మాయి కాలేజీ ఏడాది, లోన్ వాయిదా, నా రిటైర్‌మెంట్ నెల. వాటిని ఒక్కసారైనా కాగితం మీద పెట్టలేదు. లెక్కకు అందని దాని కోసం వెయ్యి రాత్రులు ఖర్చుపెట్టాను.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 2020 మార్చి జీతంలో సగం వాయిదా పడింది. లోన్ వాయిదాలు కొన్నాళ్లు కట్టక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటిస్తే తీసుకున్నాను. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. కొట్టు మూతపడి మా బావమరిది మేలో ఫోన్ చేశాడు. "బావా, అడగడానికి నాకూ మనసొప్పట్లేదు. పనివాళ్లకి ఇవ్వాలి." అతని గొంతులో అంత ఇబ్బంది ఎప్పుడూ వినలేదు. ఫండ్ డబ్బులోంచి 2 లక్షలు పంపాను. మిగిలింది ఇంటికీ మా అమ్మ మందులకూ కరిగిపోయింది. ఆగస్టులో ప్లాటు గజం 6 వేలకు అమ్మేశాను. వచ్చిన 12 లక్షల్లో ఆరున్నర బావమరిదికి, మూడున్నర బంగారం విడిపించడానికి, మిగతా రెండూ పర్సనల్ లోన్‌కు పోయాయి.

ఆ డిసెంబర్‌లో అమ్మాయికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఫీజు కట్టాలి. ఫండ్ తీద్దామా అని మా ఆవిడ అడిగింది. నేను ఆమె ముఖంలోకి చూస్తూ, "మార్కెట్ బాగా పడి ఉంది, ఇప్పుడు తీస్తే నష్టపోతాం. చదువు లోన్ తీసుకుందాం, అది పెరిగాక కట్టేద్దాం" అన్నాను. అప్పటికి మార్కెట్ ఎప్పుడూ లేనంత ఎత్తులో ఉంది. నష్టం నన్ను ఇంత బాధించలేదు, ఈ మాట బాధిస్తోంది. ఇద్దరూ నమ్మారు. అర్థశాస్త్రం చెప్పేవాడు కదా అని నమ్మారు. 4 లక్షల లోన్ మా అమ్మాయి పేరు మీద ఉంది.

దాన్ని ఎలాగైనా తీర్చాలని మూడేళ్లలో 3 లక్షలు కూడబెట్టాను. ఇక్కడితో బుద్ధి వచ్చి ఉండాలి. 2024 జూన్ 3న, ఎగ్జిట్ పోల్స్ చూసుకుని సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరి 76 వేలు దాటింది. ఢిల్లీలో ఏం జరగబోతోందో ఈసారి తేలిపోయిందనుకున్నాను. ఆ 3 లక్షలూ ప్రభుత్వ రంగ సంస్థల షేర్లలో పెట్టాను. మర్నాడు లెక్కింపు మొదలైన కొద్ది గంటలకే ఎగ్జిట్ పోల్స్ తప్పని తేలింది. సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది, బాగా దెబ్బతిన్నవి నేను కొన్న రకం షేర్లే. మధ్యాహ్నం వణికే చేతులతో అమ్మేశాను. 45 వేలు పోయాయి. మూడు రోజులకు, 7వ తేదీన, సెన్సెక్స్ 3వ తేదీ స్థాయిని కూడా దాటేసింది. మా కాలేజీలో కుర్ర లెక్చరర్లు ఫోన్‌లో ఆప్షన్స్ ఆడుతుంటే నేను మందలించేవాణ్ణి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని ఆ సెప్టెంబర్‌లో సెబీ లెక్క చెప్పింది. నేను ఆప్షన్స్ జోలికి పోలేదు. కానీ జూన్ 3న నేను చేసిన పని వాళ్లు చేస్తున్నదే.

ఆ జూన్ 4నే అదే టీవీలో మన రాష్ట్రం ఫలితం కూడా వచ్చింది. సాయంత్రానికి వీధిలో బాణాసంచా. రాజధాని మళ్లీ అమరావతే అని అందరూ అంటున్నారు. మా ఆవిడ నా పక్కన కూర్చుని, "మన ప్లాటు ఉంటే బాగుండేది కదండీ" అంది. నాకు జవాబు రాలేదు.

ఆ మాట మీద చాలా ఆలోచించాను. ప్లాటు ఉంటే బాగుండేది, నిజమే. కానీ దాన్ని అమ్మడం నా తెలివితక్కువతనం కాదు. అప్పు తెచ్చి కొన్నవాడికి ఉంచుకునే హక్కు ఉండదు. వాయిదా తేదీ వచ్చినప్పుడు అమ్మాల్సిందే. ఒకవేళ ఆ జూన్ 4న ఫలితం ఇంకోలా వచ్చి ఉంటే, "2020లోనే అమ్మి మంచి పని చేశావు" అని నా వీపు తట్టేవాళ్లు. అప్పుడూ నేను ఇంతే తెలివితక్కువవాణ్ణి. ఫలితాన్ని బట్టి నా బుద్ధిని కొలిస్తే, నాలుగేళ్లు బుద్ధిమంతుణ్ణి, ఒక్క సాయంత్రంతో మూర్ఖుణ్ణి అవ్వాలి. అలా ఎలా కుదురుతుంది? నా దగ్గర ఆ ప్లాటు కొన్నాయన ఏ అప్పూ చేయలేదు. ఏ తేదీకీ ఆయనకు ఆ డబ్బు అక్కర్లేదు. ఆయన వార్తలు చూసేవాడో లేదో కూడా నాకు తెలియదు. చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. మా ఇద్దరికీ తేడా అంతే.

2004 మే 17న ఎన్నికల ఫలితాల తర్వాత సెన్సెక్స్ ఒక్క రోజులో 11 శాతం పడింది. ఆ ఏడాది ముగిసే నాటికి అంతకు ముందు ఎన్నడూ లేని ఎత్తుకు వెళ్లింది. 2009 మే 18న ఫలితాలు చూసి 17 శాతం ఎగిరితే ట్రేడింగ్ ఆపేయాల్సి వచ్చింది. ఆ రెండు తేదీలూ నాకు ముందే తెలుసు, క్లాసులో చెప్పాను కూడా. తెలిసి ఉండటం నన్ను ఆపలేదు. భయం వేసిన రాత్రి ఏ చదువూ గుర్తు రాదు. అందుకే ఆ రాత్రి రాకముందే ఏర్పాటు చేసుకుని ఉండాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండి ఉంటే, 2020 మార్చి 23న నేను ఫోన్ ముట్టుకునేవాణ్ణి కాదేమో. ఇప్పుడు ఆ డబ్బును రెండు బ్యాంకుల్లో, ఒక్కో దాంట్లో డిపాజిట్ బీమా వర్తించే 5 లక్షలు దాటకుండా, పోగేస్తున్నాను. ఇంకా నాలుగు నెలల ఖర్చే అయింది. అది నిండాక పదేళ్ల వరకు ముట్టుకోనక్కర్లేని డబ్బు ఉంటేనే మళ్లీ ఇండెక్స్ ఫండ్. నాకు పెన్షన్ ఉంది కాబట్టి ఈ మాత్రం నిబ్బరంగా రాస్తున్నాను. నాలాంటి పెన్షన్ లేని నా తర్వాతి తరం లెక్చరర్లను తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ ఫోన్ తర్వాత వచ్చిన ఆదివారం మా అమ్మాయి ఇంటికొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దర్నీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. రాసుకున్న కాగితాలు చదవబోయి, చదవలేక, నోటితోనే చెప్పాను. మా ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద పాలు దించి వచ్చి మళ్లీ అదే చోట కూర్చుంది. "నాలుగేళ్లు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

అమ్మాయి ఫోన్‌లో ఫండ్ తీసేసిన రోజు వచ్చిన మెసేజ్ చూపించమంది. వెతికి చూపించాను. చాలాసేపు చూసింది. "నాన్నా, అప్పుడే చెప్పుంటే నేను ఫీజు తక్కువుండే కాలేజీలో చేరేదాన్ని కదా" అంది. ఆ మాట నేను ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

తర్వాత ఆమే నా టేబుల్ మీద నుంచి ఒక తెల్ల నోట్‌బుక్ తెచ్చింది. "నా లోన్ వాయిదా ఎప్పుడు మొదలు?" అంది. చెప్పాను, రాసింది. "నీ రిటైర్‌మెంట్?" 2030 జూన్ నెలాఖరు అన్నాను, రాసింది. "అమ్మ కంటి ఆపరేషన్?" నేను తడుముకుంటుంటే మా ఆవిడే, "సంక్రాంతి వెళ్లాక చేద్దామన్నారు డాక్టరు" అంది. అదీ రాసింది. ఒక పేజీ నిండడానికి పావుగంట పట్టింది.

అమ్మాయి పెన్ను కింద పెట్టాక మా ఆవిడ ఆ నోట్‌బుక్ తన వైపు తిప్పుకుంది. అన్నిటికన్నా పైన, ఖాళీగా ఉన్న గీత మీద, 24 మార్చి 2020 అని రాసింది. దాని పక్కన ఏమీ రాయలేదు.